రౌటర్ పాస్‌వర్డ్ మార్చే బాధ్యత కనెక్షన్ ఇచ్చేవారిదే

సంపాదకులు గారికి నమస్కారం.

నెల్లూరు నగరంలో మాగుంట లేఔట్ నుంచి వేదాయపాళెం దాకా ఫైబర్ కేబుల్ చేరని అపార్ట్‌మెంట్ ఇప్పుడు అరుదు. ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కూడా మేత దొంగతనాల భయంతో సీసీ కెమెరాలు, వాటి కోసం వైఫై పెట్టించుకుంటున్నారు. ఇంత జోరుగా కనెక్షన్లు ఇస్తున్నవారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకుండానే చాలాచోట్ల రౌటర్ బిగించి వెళ్లిపోతున్నారు. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

రౌటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. మొదటిది మనం ఫోన్‌లో కొట్టే వైఫై పాస్‌వర్డ్. రెండోది రౌటర్ సెట్టింగులను తెరిచేది. అదొకటి ఉందనే ఇంటివాళ్లకు ఎవరూ చెప్పరు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు గోడకు మేకులు కొట్టి, రౌటర్ తగిలించి, ఇంటాయన ఫోన్ నంబరునే వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టి, "మీ నంబరే సార్, మర్చిపోరు" అని చెప్పి వెళ్తాడు. ఆ పెట్టెను తిప్పి చూస్తే చాలా మోడళ్లలో అడుగున స్టిక్కర్ మీద 192.168.1.1 అని ఆ సెట్టింగుల పేజీ చిరునామా, దాని కింద యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్ అని అచ్చయి ఉంటుంది. ఒక వీధిలో ఇళ్లన్నిటికీ ఒకే తాళంచెవి ఇచ్చినట్టుంది ఈ పద్ధతి.

ఫోన్ నంబరు కూడా గట్టి పాస్‌వర్డేమీ కాదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కనుక అన్నీ కలిపినా 400 కోట్లకు మించవు. ఫోన్ వైఫైకి కలిసేటప్పుడు వెలువడే సంకేతాలను వీధిలో నిలబడి పట్టుకున్నవాడు, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌తో ఆ నంబర్లన్నిటినీ కొన్ని గంటల్లోనే సరిచూడగలడు.

అలా వైఫైలోకి వచ్చినవాడికి అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా తెలిసిందంటే, వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ సెట్టింగును మార్చేస్తాడు. అప్పుడు బ్యాంకు పేరు అక్షరం తప్పు లేకుండా టైపు చేసినా నకిలీ పేజీ తెరుచుకోవచ్చు. బ్రౌజర్ హెచ్చరిస్తుంది, నిజమే. కానీ ఆ ఇంగ్లీషు హెచ్చరికను చదివి ఆగేవాళ్లు మన ఇళ్లలో ఎందరు? పైగా దీనికి బయటి మనిషే రానక్కర్లేదు, పిల్లలు ఫోన్‌లో ఎక్కించిన ఒక చెడ్డ యాప్ చాలు.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జాబితాతో లక్షల కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్‌లు, రౌటర్లలో చొరబడింది. అలా చిక్కిన పరికరాలతో ఆ ఏడాది అక్టోబర్ 21న జరిపిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. 2017 జూలైలో మన దేశంలోనే బీఎస్ఎన్ఎల్ మోడెమ్‌లు మాల్వేర్ బారిన పడినప్పుడు, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చుకోవాలని ఆ సంస్థే చందాదారులను కోరింది. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు ఉగ్రవాదులు పంపిన ఈమెయిల్ నవీ ముంబైలో రక్షణ లేని ఒక ఇంటి వైఫై నుంచి వెళ్లడంతో, ఏ పాపం ఎరుగని ఆ ఇంటివారి గడపకే దర్యాప్తు వెళ్లింది.

పాస్‌వర్డ్ మారిస్తే రిపేరుకు వచ్చినప్పుడు తమకు ఇబ్బంది అవుతుందని ఆపరేటర్లు అంటున్నారు. ఆ ఇబ్బంది నిజమైనదే. అందుకు ప్రతి పెట్టెకూ వేరువేరు పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని ఆ పెట్టె స్టిక్కర్ మీదే ముద్రిస్తే సరిపోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న చట్టాల ప్రకారం, అన్ని పరికరాలకూ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం కుదరదు. వినియోగదారుడే జాగ్రత్తపడాలని మన దగ్గర చెప్పే మాటను నేను ఒప్పుకోలేను. డెబ్బై ఏళ్ల పెద్దావిడ 192.168.1.1 ఎక్కడ కొట్టాలో తెలుసుకోవాలనడం న్యాయం కాదు.

కాబట్టి టెలికాం శాఖవారిని, మన జిల్లా కలెక్టరు గారిని కోరేది ఇది. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు రెండు పాస్‌వర్డ్‌లనూ ఇంటివారి ఎదుటే మార్చాలి. బయటి నుంచి రౌటర్ సెట్టింగులు తెరిచే వీలు అవసరం లేనిచోట ఆపేయాలి. ఈ పనులు చేసినట్టు రసీదు మీద రాసి సంతకం తీసుకోవాలి. పాత కనెక్షన్ల సంగతి లైన్ రిపేరుకు వెళ్లినప్పుడల్లా చూడవచ్చు. ఏపీ ఫైబర్‌నెట్ ప్రభుత్వ సంస్థే కనుక, ఈ నిబంధనను ముందు అక్కడ అమలు చేసి, తర్వాత ప్రైవేటు ఆపరేటర్లందరికీ వర్తింపజేయాలని మనవి.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, వేదాయపాళెం, నెల్లూరు