ఇత్తడికి తుప్పెక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో ‘కరోడ్’ అనే ఇంగ్లిష్ క్రియకి ‘తుప్పు పట్టు’ అని అర్థం ఇచ్చారు. కింద ఉదాహరణగా ‘ఇత్తడి బిందె తుప్పు పట్టింది’ అని రాశారు. పదో తరగతి చదివే మా మనవరాలు అది పైకి చదువుతుంటే తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాను. 36 ఏళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు టింకరింగ్ చేస్తున్నాను. ఒకరకంగా తుప్పే నాకు అన్నం పెట్టింది. ఇత్తడికి తుప్పు పట్టగా మాత్రం ఇంతవరకు చూడలేదు.

తుప్పు ఇనుముదీ ఉక్కుదీ. గాలీ తడీ రెండూ తగిలితే వాటికి పట్టే ఎర్ర పొడి అది. ఇత్తడిని రాగీ జింకూ కలిపి చేస్తారు. దానికి పట్టే పచ్చటి మకిలి చిలుం. మా చిన్నప్పుడు పటమటలో గిన్నెల లోపల కళాయి, అంటే తగరం పూత, వేసే అతను వీధిలోకి వస్తే మా అమ్మ పనులన్నీ వదిలి ఇత్తడి గిన్నెలు బయట పెట్టేది. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే చింతపండు పులుపుకి రాగి కూరలోకి దిగుతుందని, అది విషమని ఆమెకి తెలుసు. ఆమె బడికి వెళ్లలేదు, కానీ తుప్పు, చిలుం ఒకటి కావని చెప్పగలదు.

ఇంగ్లిష్ వాళ్లకీ ఈ తేడా ఉంది. ఇనుముకి వాళ్ల మాట ‘రస్ట్’. ‘కరోడ్’ అంతకంటే పెద్ద మాట. ఇనుము తుప్పూ, రాగి చిలుమూ రెండూ అందులో ఇముడుతాయి. లారీ బ్యాటరీ టెర్మినల్స్ చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి కడుతుంది చూడండి, వేడినీళ్లు పోసి కడిగి గ్రీజు రాస్తాం, అది కూడా ‘కరోడ్’ అవడమే. దాన్ని తుప్పు అంటే మా షెడ్డులో కుర్రాళ్లు నవ్వుతారు. బస్సు బాడీ అల్యూమినియం రేకు మీద మసక పొర ఒకటి వస్తుంది. తమాషా ఏమిటంటే ఆ పొరే లోపలి రేకుని కాపాడుతుంది. ఇనుము తుప్పుకి ఆ బుద్ధి లేదు. ఉబ్బి, పెచ్చులుగా ఊడి, కింద ఉన్న మంచి ఇనుముని మళ్లీ గాలికి అప్పజెబుతుంది. చినగంజాం ఉప్పు లోడు తోలే లారీ మా దగ్గరికి వస్తే పైన రంగు చూసి నమ్మను. సుత్తితో ఒక్కసారి తట్టి చూస్తాను. మంచి రేకు ఖణేల్ మంటుంది, తుప్పు తిన్న రేకు బొత్తిగా పలకదు.

‘తుప్పు తిన్న’ అన్నాను కదా. డిక్షనరీలో చూడమని మనవరాలికి చెబితే, ‘కరోడ్’ లాటిన్ నుంచి వచ్చిందని, అక్కడ దాని మూలానికి కొరకడం అని అర్థమని చదివి వినిపించింది. ఎలుకల్ని ‘రోడెంట్స్’ అనేదీ ఆ కొరకడం నుంచేనట. మేం ఆటోనగర్‌లో ఏ లాటినూ రాకుండానే ‘యాసిడ్ ట్రేని తినేసింది’, ‘ఉప్పు ఛాసిస్‌ని తినేసింది’ అంటున్నాం. (మా షెడ్డులో వైరింగ్ కొరికే ఎలుకల సంగతి వేరు.) ఆ క్రియకి దగ్గరి తెలుగు ‘తినేయడమే’ అని నా ఉద్దేశం. యాసిడ్ రేకుని తినేయడానికీ, రేకు తనంతట తాను పాడైపోవడానికీ ఇంగ్లిష్‌లో అదే మాట చెల్లుతుందట. మనకి ఇనుముకి తుప్పు పడుతుంది, దెయ్యం పట్టినట్టు, దుమ్ము పట్టినట్టు.

ఇంకొకటి. అనుమానం నమ్మకాన్ని తినేస్తుందనే చోట వాళ్లు ‘కరోడ్’ వాడతారు. మీ అర్థం పట్టుకుని పిల్లలు ‘నమ్మకం తుప్పు పట్టింది’ అని రాస్తే వినడానికి బాగుంటుందా? వాడక బుర్ర తుప్పు పట్టిందని మనమూ అంటాం, అక్కడ వాళ్లు వాడేది మాత్రం ‘రస్ట్’. పిల్లలకి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే రెండు నిమిషాల పని.

వచ్చే వారం అదే పేజీలో ‘ఇనుముకి తుప్పు, ఇత్తడికి చిలుం, రెండూ కరోడ్ కిందికే వస్తాయి’ అని చిన్న సవరణ వేయండి. ఇదంతా మనవరాలికి ఓపిగ్గా చెప్పాను. అంతా విని, ‘పేపర్లో అలా లేదుగా తాతయ్యా, పరీక్షలో నేను తుప్పు అనే రాస్తా’ అంది.

- ఒక టింకరింగ్ మేస్త్రి, ఆటోనగర్, విజయవాడ