గ్రనడా వెళ్లేవారికి భోజన వేళలూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

స్పెయిన్ యాత్రపై తెలుగు పత్రికల ఆదివారం అనుబంధాల్లో వచ్చే వ్యాసాలు గ్రనడాలోని అల్‌హంబ్రా కోటను చక్కగా వర్ణిస్తాయి. తిండి దగ్గరికొచ్చేసరికి రెండు మూడు రెస్టారెంట్ల పేర్లిచ్చి, శాకాహారులకు ఇబ్బందేనని తేల్చేస్తాయి. పేర్ల కంటే ముందు అక్కడి వేళలు, పద్ధతులు చెబితే మనవాళ్లు ఆ ఊళ్లో తక్కువ ఖర్చుతో కడుపునిండా తింటారు.

గ్రనడాలో మధ్యాహ్న భోజనం ఒకటిన్నర నుంచి నాలుగింటి వరకు. ఆ తర్వాత చాలా వంటగదులు మూసేసి రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకు గానీ తెరవరు. మన అలవాటు కొద్దీ పన్నెండింటికో సాయంత్రం ఏడింటికో ఆకలితో వెతికితే, వీధిలో ఫొటోల బోర్డులు పెట్టిన పర్యాటకుల హోటళ్లే దొరుకుతాయి. ఆ బోర్డు మీది పయేయా అనే అన్నం వంటకం చాలాచోట్ల ఫ్రీజర్‌లోంచి తీసి వేడిచేసిందే. పైగా అది గ్రనడాది కాదు, వలెన్సియా ప్రాంతపు వంట. అందుకే పొద్దున పదింటికి, కాల్చిన బ్రెడ్డు మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె, ఉప్పు వేసిచ్చే తోస్తాదా తినేసి, భోజనం రెండింటికి పెట్టుకోవాలి. పని దినాల్లో మధ్యాహ్నం 'మెనూ దెల్ దీయా' అని పలక మీద రాస్తారు. అది మన మీల్స్ లాంటిది: రెండు వంటకాలు, స్వీటో కాఫీయో, ఎక్కువ చోట్ల బ్రెడ్డు, ఒక పానీయం కూడా కలిపి ఒకే ధర.

అల్‌హంబ్రా కోట టికెట్ మీద, లోపలున్న నస్రీద్ సుల్తానుల రాజమందిరాల ప్రవేశ సమయం ముద్రించి ఉంటుంది. అది దాటితే లోపలికి పంపరు. మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటి సమయం తీసుకుంటే ఆ రోజు భోజనం పోయినట్టే. ఉదయం సమయం తీసుకుని, చూశాక రియలేహో పేటలోకి నడిచి దిగితే కాంపో దెల్ ప్రిన్సిపె అనే చౌక్ చుట్టూ బార్లున్నాయి.

ఇక గ్రనడా ప్రత్యేకత: బార్‌లో పానీయం అడిగితే దాంతోపాటు తపా అనే చిరుతిండి చిన్న ప్లేటులో ఉచితం. రెండోసారి అడిగితే ఇంకో రకం ఇస్తారు. మద్యం తాగనివారు ఆల్కహాల్ లేని బీరు గానీ, మోస్తో అనే ద్రాక్షరసం గానీ అడగవచ్చు. కాఫీకి సాధారణంగా తపా రాదు. ఏది ఇవ్వాలన్నది ఎక్కువ చోట్ల వంటవాడి ఇష్టం కాబట్టి శాకాహారులు పానీయంతోపాటే చెప్పేయాలి. 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అని ఊరుకుంటే హామ్ అనే పంది మాంసమో ట్యూనా చేపో వస్తుంది, వాటిని వాళ్లు మాంసం లెక్కలో వేయరు. 'సోయ్ వెహెతారియానో, సిన్ హమోన్, సిన్ పెస్కాదో' (నేను శాకాహారిని, హామ్ లేకుండా, చేప లేకుండా) అనాలి. ఆడవాళ్లయితే 'వెహెతారియానా'. పది మంది గుంపుగా వెళ్తే చిన్న బార్లలో చోటుండదు, విడిపోవడం మేలు.

శాకాహారులు డబ్బిచ్చి తెప్పించుకోదగ్గవి: సన్నగా తరిగిన వంకాయను పిండిలో పొర్లించి వేయించి, చెరకు పాకం పోసిన బెరెన్‌హేనాస్; బంగాళాదుంప, ఆకుపచ్చ క్యాప్సికం, ఉల్లిపాయ ఆలివ్ నూనెలో మగ్గించిన పతాతాస్ అ లొ పోబ్రె; వేసవిలో గాస్పాచో అనే చల్లటి టమాటా సూప్. వంకాయను చేపలు వేయించిన నూనెలోనే వేస్తారేమో అడగండి. సాల్మొరెహో అనే చిక్కటి చల్లని టమాటా సూప్ మీద హామ్, గుడ్డు ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. పప్పు, సెనగల పులుసుల్లో పంది సాసేజ్ ఉడికి ఉంటుంది, ముక్క తీసేసినా లాభం లేదు. పూర్తి ప్లేటు 'రాసియోన్' పెద్దది, ఇద్దరికి 'మేదియా రాసియోన్' చాలు.

చేపలు తినేవారు నావాస్ వీధిలోని లోస్ దియమాంతెస్‌లో నిలబడి బొకెరోనెస్, అంటే మన నెత్తళ్ల వేపుడు, తినాలి. హలాల్ కావలసినవారు కల్దెరెరీయా నుయేవా, ఎల్వీరా వీధుల వైపు వెళ్లి, మొరాకో, అరబ్బు వంటల దుకాణాల్లో అడగాలి.

బిల్లులో బ్రెడ్డుకు, వీధిలో వేసిన కుర్చీలకు అదనంగా పడవచ్చు, మెనూలో చూసుకోండి. కుళాయి నీళ్లు మాత్రం 2022 చట్టం ప్రకారం ఉచితంగా ఇవ్వాలి, 'అగ్వా దెల్ గ్రీఫో' అని అడగండి. ఆదివారం రాత్రి, సోమవారం చాలాచోట్ల సెలవు. ఆగస్టులో కొన్ని బార్లు వారాల తరబడి మూసేస్తారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ