సిగ్నల్ లేనప్పుడూ చెల్లే డబ్బు కావాలి

సంపాదకుల వారికి,

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధిలో కరెంటూ సిగ్నలూ రెండూ పోయాయి. మోకాలి పైదాకా నీళ్లలో పాలప్యాకెట్లు మోసుకొచ్చిన కుర్రవాడికి ఇవ్వడానికి నా దగ్గర నోట్లు లేవు. ఖాతాలో డబ్బుండీ ఫోను తెరపై చక్రం తిరుగుతూనే ఉంది. “తర్వాత ఇద్దురుగాని లెండి” అంటూ రెండు ప్యాకెట్లు నా చేతిలో పెట్టి వెళ్లాడు.

నెట్ లేని చిన్న చెల్లింపులకు రిజర్వు బ్యాంకు 2022 జనవరిలోనే నిబంధనలు ప్రకటించింది. అసలు చిక్కేమిటంటే, డిజిటల్ నాణేన్ని, అంటే ఫోనులోనే దాచుకునే డబ్బును, నకలు తీసి ఇద్దరికి ఇచ్చే వీలుంది. నెట్ లేనప్పుడు దాన్ని అక్కడికక్కడే పట్టుకునేవారు ఉండరు. ఒకసారే ఖర్చు చేసినవారి పేరు గోప్యంగా ఉండి, రెండోసారి చేసినవారి పేరు మాత్రం బయటపడే పద్ధతిని చౌమ్, ఫియట్, నావోర్ అనే గూఢలిపి శాస్త్రవేత్తలు 1988లోనే చూపారు. సిగ్నల్ వచ్చాక దుకాణదారు ఆ నాణేన్ని, పలు కంప్యూటర్లలో ఉండే చెరపలేని చిట్టా అయిన బ్లాక్‌చెయిన్‌లో జమ చేసుకుంటే, దాని గుర్తు ఒక్కసారే నమోదవుతుంది గనుక మోసం తేలిపోతుంది. అయితే ఆ చిట్టాను ఎవరైనా చదవగలిగితే మన మందుల ఖర్చు కూడా శాశ్వతంగా బట్టబయలవుతుంది. అందుకే కొన్నవారి పేరు అందులో ఎక్కకూడదు.

మోసం తేలేలోపు సరుకు చేయి దాటిపోతుంది. ఆ నష్టం పాలకుర్రవాడి మీద పడకుండా, ఎవరు భరించాలో నిబంధనల్లో ముందే రాయాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ