384 మంది లెక్క

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పి, రిటైరయ్యాక మారతహళ్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా పై ఫ్లాట్ అమ్మాయి ఇక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. మన వైపు నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసుకునే ఆడవాళ్ల మీద సర్వే. పోయిన నెల 400 ఫారాలు మోసుకొచ్చి, "ఆంటీ, వీటికి ఏ స్టాటిస్టికల్ టెస్ట్ వేయాలి?" అంది.

ఫారం చూశాను. పదకొండో ప్రశ్న: 'జీతం, సెలవులతో మీరు తృప్తిగా ఉన్నారా?' ఒకటి నుంచి ఐదు దాకా టిక్ పెట్టాలి. మా ఇంట్లో పనిచేసే కదిరి ఆవిడను పిలిచి అదే అడిగాను. "జీతం పర్వాలేదమ్మా, సెలవే ఇయ్యరు. ఏది రాసుకుంటారు?" అంది. ఫారాలు తిరగేస్తే ఆ ప్రశ్న దగ్గర చాలావరకు 3 మీదే టిక్కులు. రెండు సంగతులు ఒకే ప్రశ్నలో అడిగితే ఆ 3 జీతానికో సెలవుకో చెప్పలేం. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదిన్నరగా గేటు గేటుకీ తిరిగి తెచ్చిన ఫారాలవి.

400 ఎందుకమ్మా అంటే, 384 దాటితే చాలన్నారట. జనాభా పెద్దదైనప్పుడు, 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాకు ఒప్పుకుంటే వచ్చే సంఖ్య అది. అదీ చీటీలు తీసినట్టు మనుషుల్ని ఎంచుకున్నప్పుడే. దొరికినవాళ్లనల్లా అడిగితే 4,000 మందైనా ఆ లెక్క వర్తించదు. ఈ మాట సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) చూపించిన రోజున ఎవరూ చెప్పలేదు. అసలు ప్రశ్నల కాగితమే తెరవలేదట.

1938లో మన దేశపు తొలి స్టాటిస్టిక్స్ మహాసభకు అధ్యక్షత వహించిన బ్రిటిష్ స్టాటిస్టీషియన్ ఆర్.ఎ. ఫిషర్, ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్‌ను సలహా అడగడమంటే చాలాసార్లు పోస్ట్‌మార్టం చేయమనడమేనన్నారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార పంట లెక్కలకు ముందుగా చిన్న పైలట్ సర్వేలు చేయించేవారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పిల్లల్ని ఫారాలతో నేరుగా వీధిలోకి తోసేస్తున్నాం.

యూనివర్సిటీల వాళ్లను నేను కోరేది ఒక్కటే. డేటాకు వెళ్లకముందే ప్రశ్నలు, మనుషుల్ని ఎంచుకునే పద్ధతి, వేయబోయే టెస్టులు రాయించుకోండి. సబ్జెక్ట్ తెలిసిన ఒకరు గంటసేపు కూర్చుని వాటిని చూడాలి. పైలట్ అయ్యాకే అనుమతి ఇవ్వండి.

ఆ అమ్మాయి పదకొండో ప్రశ్నను రెండుగా విడగొట్టింది. ఈ ఆదివారం మున్నెకొళాలలో పది మందిని అడిగి చూడటానికి వెళ్తోంది. నేనూ తోడు వెళ్తున్నాను.

— ఒక విశ్రాంత స్టాటిస్టిక్స్ లెక్చరర్, మారతహళ్లి, బెంగళూరు