మా డాన్స్ స్కూల్ తలుపులు మళ్ళీ తెరిపించిన వాడకట్టుకు దండాలు

2023 జులై చివర్లో కురిసిన వానకు హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగి మా గల్లీలోకి నీళ్ళొచ్చినప్పుడు, అందరి ఇళ్ళతో పాటు మా టీచర్ గారి డాన్స్ స్కూల్ కూడా మునిగింది. ఆ హాలు రోడ్డుకన్నా దిగువలో ఉంటుంది. లోపల నడుము దాకా నీళ్ళు నిలిచాయి. ఇప్పుడు క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. టీచర్ గారికి ఫోన్‌లో ఇలాంటివి రాసే అలవాటు లేదు. చిన్నప్పుడు అక్కడే నేర్చుకుని, ఇప్పుడు నా బిడ్డను కూడా అక్కడికే పంపుతున్నదాన్ని కాబట్టి ఆమె తరఫున, పాత పిల్లలందరి తరఫున నేను రాస్తున్నాను.

నీళ్ళు తగ్గిన రోజు ఎవరిల్లు వాళ్ళు కడుక్కునే తిప్పల్లో ఉన్నారు. తడిసిన బియ్యం, నానిన పరుపులు, పనిచేయని ఫ్రిజ్‌లు అన్నీ గల్లీలోనే పడి ఉన్నాయి. అయినా ఎదురింటి మెకానిక్ అన్న తన మోటర్ తెచ్చి హాల్లోని నీళ్ళు తోడించాడు. మహిళా సంఘం అక్కలు బకెట్లు, చీపుర్లు పట్టుకుని వచ్చి బురద ఎత్తిపోశారు. మసీదు పక్క గల్లీ పిల్లలు బ్లీచింగ్ పౌడర్ తెచ్చి చల్లి, గోడలు కూడా కడిగారు. ఒక్కరిని కూడా మేం పిలవలేదు. మీ ఇళ్ళే ఆరలేదు, అయినా వచ్చారు. అది మేం మరిచిపోం.

గజ్జెల సంగతి కూడా చెప్పాలి. నీళ్ళలో నానితే మువ్వలకు ఏమీ కాదు కానీ వాటిని కుట్టిన తోలు పట్టీలు కుళ్ళిపోతాయి. చౌరస్తాలో చెప్పులు కుట్టే బాపు ఆ పట్టీలన్నీ విప్పి, మువ్వలు కడిగి, కొత్త తోలు మీద వరుస తప్పకుండా కుట్టి ఇచ్చాడు. తోలు ఖర్చు తీసుకున్నాడు కానీ కూలి పైసలు ఎంత బతిమాలినా తీసుకోలేదు. ఆయన మనవడు ఇక్కడే కాకతీయుల నాటి వీరనాట్యం పేరిణి నేర్చుకుంటున్నాడు. పట్టుబట్టల డ్రెస్సులు కొన్ని టైలర్ అక్క బాగు చేసింది, కొన్ని పోయాయి. మృదంగానికి కొత్త మూతలు కట్టించాం.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించినవి టీచర్ గారి నోటు పుస్తకాలు. తాళానికి నోటితో చెప్పే జతులు, వాటిని ముగించే తీర్మానాలు, ఏ అడుగు ఏ తాళంలో పడాలో అన్నీ ఆమె ఇంకు పెన్నుతో రాసుకున్నవి. వాటిలో పేరిణి పుస్తకం ఆమెకు ప్రాణం. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారి శిష్యుల దగ్గర నేర్చుకుంటూ రాసుకున్నది అది. కాకతీయుల కాలం తర్వాత మరుగున పడిన ఆ నాట్యాన్ని ఆయన కాకతీయుల సేనాని జాయప రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళి నుంచి, రామప్ప గుడి శిల్పాల నుంచి వెతికి తీసి మళ్ళీ నిలబెట్టారు. 1985 శివరాత్రికి రామప్ప గుడిలోనే ఆడించారు. అంత కష్టపడి తిరిగి తెచ్చుకున్న విద్య మా హాల్లో ఇంకు కరిగి నీలిరంగు ముద్దైపోయింది. టీచర్ గారు ఆ కాగితాలు విప్పడానికి ప్రయత్నించి ఊరుకున్నారు.

ఈ సంగతి పాత పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ రాత్రి నుంచి ఫోటోలు రావడం మొదలైంది. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే తమ్ముడు, కరీంనగర్‌లో నర్సుగా ఉన్న చెల్లె, పెళ్ళై పూణె వెళ్ళిన అక్క, ఎవరి అటక మీద ఏ పుస్తకం ఉంటే అది దింపి పేజీ పేజీ తీసి పంపారు. కొందరి దగ్గర పుస్తకం లేదు, నోటితో జతి చెప్పి ఆడియో పంపారు. వంటింట్లో గిన్నెల చప్పుడు వెనక నుంచి వినిపిస్తుంటే తాళం వేస్తూ చెప్పిన అక్క ఆడియో టీచర్ గారు మళ్ళీ మళ్ళీ విన్నారు. ఒకచోట లెక్క తప్పిందని దిద్దారు కూడా. ఇప్పుడు అన్నీ కలిపి కొత్తగా రాయిస్తున్నాం, ఈసారి జిరాక్స్ తీసి నాలుగు ఇళ్ళలో పెడతాం.

ఇంత మంది ఎందుకు కదిలారో బయటివాళ్ళకు తెలియకపోవచ్చు. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి పనికి పోయే తల్లులు పొద్దుపోయాక వస్తారు. వాళ్ళు వచ్చేదాకా పిల్లలు ఆ హాల్లోనే ఉంటారు. క్లాసు అయిపోయినా టీచర్ గారు హాలు తలుపుకు తాళం వేయరు, హోంవర్క్ చేయిస్తారు. ఫీజు ఇవ్వలేని ఇంటిని ఆమె ఎప్పుడూ అడగలేదు. మగపిల్లలకు డాన్స్ ఏంటని నవ్విన గల్లీలోనే, పేరిణి శివుడి ముందు వీరులు ఆడిన నాట్యమని చెప్పి ఆటో డ్రైవర్ల కొడుకులను చేర్చుకున్నారు. ఏటా పిల్లలను పాలంపేటకు తీసుకెళ్ళి, రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే నాట్యం చేస్తున్న ఆడవాళ్ళ బొమ్మలను చూపించి, "మోకాలు ఎక్కడ వంగిందో చూడండి, నడుము ఎటు తిరిగిందో చూడండి" అంటారు. నేను కూడా అట్లనే నేర్చుకున్నాను. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర మా వాడకట్టు ఆడపిల్లల అడుగులు ఒక్క లయలో పడతాయంటే అది ఆ హాలు చలవే అని నా నమ్మకం.

మోటర్ అన్నకు, సంఘం అక్కలకు, మసీదు గల్లీ తమ్ముళ్ళకు, బాపుకు, టైలర్ అక్కకు, పుస్తకాలు వెతికిన ప్రతి ఒక్కరికీ, పేరు చెప్పొద్దని టీచర్ గారి చేతిలో కవరు పెట్టి వెళ్ళినవాళ్ళకూ మా అందరి దండాలు.

విజయదశమి నాడు పొద్దున కొత్త పిల్లలకు మొదటి పాఠం, సాయంత్రం పెద్దపిల్లలకు గజ్జెపూజ. అందరూ రావాలి, భోజనాలు ఇక్కడే. ఇంకో మాట, మీరిచ్చిన సామాన్లు కొన్ని మా దగ్గరే ఉండిపోయాయి: మోటర్ పైపు, రెండు స్టీలు బకెట్లు, పచ్చ హ్యాండిల్ ఉన్న పార, ఒక టార్చ్‌లైట్. ఎవరివో చెప్పి తీసుకెళ్ళండి, లేదంటే ఇల్లు చెబితే పిల్లలతో పంపిస్తాం.