బుజ్జిగాడి చెప్పు నా దగ్గరే ఉంది

అమ్మా చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. నిప్పట్లు, మణుగుపూలు, అత్తిరాసాలు డబ్బాకెత్తి బస్సులో వేసి పంపాను. శుక్రవారానికే చేరి ఉండాలి. చేరిందని నువ్వు చెప్పలేదు. అత్తిరాసాలు ముందు తినేయండి, నిలవుంటే గట్టిపడతాయి.

కనుమ పోయి ఇరవై రెండు రోజులైంది. నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు, రెండుసార్లూ అమ్మతోనే మాట్లాడి పెట్టేశావు. ఆఫీసు పని ఉంటుంది, కాదనను. మామిడి ఈసారి ఆకు కనపడకుండా పూసింది, తేనెమంచు పట్టకపోతే చాలు. ఎర్రావు ఈనింది. కోడెదూడ, నుదుటి మీద తెల్లచుక్క. బుజ్జిగాడికి చెప్పు. వాడు రాత్రిళ్ళు బాగా నిద్రపోతున్నాడా?

పీలేరు అత్త మొన్న వచ్చి వెళ్ళింది. వాడు నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాడని, ఇంక పిల్లోణ్ణి ఆ ఊరికి తీసుకుపోనని నువ్వు అన్నావని చెప్పింది. అత్త మాటల్లో సగం తీసేయాలి, నాకూ తెలుసు. అయినా మిగిలిన సగం నన్ను కూర్చోనివ్వడం లేదు.

అల్లుడుగారు కనుమ చూసి తిరిగొచ్చేటప్పుడు కారులో కోర్టు మాట ఎత్తారు. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు వద్దన్నది నిజమే. తమిళనాడు వాళ్ళు 2017లో చట్టం మార్చుకున్నారు. 2023 మే నెలలో ఐదుగురు జడ్జీలు ఆ మార్పు చెల్లుతుందన్నారు. కానీ వాళ్ళ ఆట వేరు. వాళ్ళు ఎద్దు మూపురం పట్టుకుని వేలాడతారు. మన రంగంపేటలో కొమ్ములకు కట్టిన పలకే పట్టాలి. పేపర్లో జల్లికట్టు అని రాస్తారు గానీ మనకది పశువుల పండగే. అయితే తోక మెలిపెట్టడం, సారా పట్టి వదలడం ఎవరు చేసినా తప్పే, నేను ఒప్పుకోను. ఆ మాట అల్లుడుగారికి చెప్పు. నామీద కోపం పెట్టుకోవద్దని కూడా చెప్పు.

నీకు మన ఎద్దు బూడిదోడు గుర్తున్నాడా? అప్పుడు నీకు ఐదేళ్ళు. ఆ ఏడు మీ తాత పట్టుబట్టి వాణ్ణి రంగంపేటకు తోలుకొచ్చాడు. పండగకు ముందే అడవికి పోయి నేరేడు చెక్క, మద్దిచెక్క, నల్లేరు తెచ్చాడు. అవ్వ వాటిని ఉప్పేసి రోట్లో దంచింది. కనుమ తెల్లవారుజామున ఆ ఉప్పుచెక్కను పిడికిలితో వాడి నోట్లో పెడితే సగం నా చొక్కా మీదే ఊశాడు. చెరువులో కడిగి, కొమ్ములు జివిరి, రంగు పూశాం. పలక నేనే చేశాను. వెంకటేశ్వరస్వామి పటం అతికించి, చుట్టూ జరీ కాగితం వేసి, కొత్త నులకతాడుతో బిగించాను.

వీధిలో వాణ్ణి వదలగానే ఇద్దరు కుర్రాళ్ళు పలక మీద పడ్డారు. వాడు తల ఒక్క విసురు విసిరాడు, ఇద్దరూ అరుగుల మీద ఉన్నారు. ఆ ఊపులో వీధి చివరికొచ్చి, చెరువు కట్టెక్కి, మామిడి తోపుల్లోకి పోయాడు. పలక అట్లాగే ఉంది, ఎవరికీ దక్కలేదు. మీ తాత మీసం తిప్పుకున్నాడు గానీ చీకటి పడ్డా ఎద్దు జాడ లేదు. టార్చిలైటు పట్టుకుని నేనూ చిన్నాయనా తోపులన్నీ తిరిగాం. బావిలో పడ్డాడేమోనని రెండు బావుల్లోకి లైటు వేసి చూశాం. పదయ్యాక ఉత్త చేతులతో ఇంటికొచ్చాం.

వాడు గాడి దగ్గర నిలబడి ఉన్నాడు. నువ్వు కుడితి తొట్టి అంచుకెక్కి, ముడి విప్పడానికి తాడు లాగుతున్నావు. పలక ఒక కొమ్ముకే వేలాడుతోంది. రెండో కొమ్ము మొన నీ గొంతుకు జానెడు దూరంలో ఉంది. నేను అరిస్తే వాడు తల ఎత్తుతాడు, ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. గడప దగ్గరే నోరు మూసుకుని నిలబడ్డాను. వాడు నీకు అందేట్టు తల దించుకుని, నువ్వు ముడి విప్పేదాకా చెవి కూడా ఆడించలేదు. పలక కిందపడ్డాక నువ్వు నన్ను చూసి, "నాయనా, పాపం వీడికి బరువుగా ఉంది" అన్నావు. కొమ్ముల రంగు వారం రోజులు నీ అరచేతుల్నుంచి పోలేదు.

ఆ రోజు నేను వణికిన వణుకు ఇప్పుడు నీకు తెలిసి ఉంటుంది. కనుమ రోజు బుజ్జిగాణ్ణి మిద్దె మీద నుంచి దించింది నేనే. నీ తమ్ముడు చిన్నోణ్ణి ఏమీ అనొద్దు, వాడు దించొద్దనే అన్నాడు. పిల్లోడు బూర కావాలని ఏడుస్తుంటే, డప్పులు ఆగాయి కదా, తర్వాతి గుంపు రావడానికి టైం పడుతుందిలే అనుకున్నాను. గుంపు నుంచి విడిపోయిన ఎద్దు డప్పు లేకుండానే వస్తుందని నాకు తెలియంది కాదు. చిన్నోడు వాణ్ణి రెక్క పట్టి అరుగు మీదకు లాగేశాడు. ఎద్దు తాకలేదని నీకు చెప్పాను, అది నిజమే. చెప్పనిది ఒకటుంది. కిందపడిన చెప్పు నేను జేబులో వేసుకొచ్చాను. దాని పట్టీ తెగింది, అట్ట మీద గిట్ట గుర్తు దిగబడి ఉంది. మీ అమ్మకు కూడా చూపించలేదు. రోజూ తీసి చూస్తున్నాను. తప్పు నాదే తల్లీ.

దడుపుకు తాయెత్తు కట్టించమని అమ్మ పోరుతోంది. ఆమె తృప్తి కోసం కట్టించు, కానీ డాక్టరుకు కూడా చూపించు. వాణ్ణి చీకట్లో ఒక్కణ్ణి పడుకోబెట్టవద్దు. ఫోన్లో ఆ వీడియోలు చూపించవద్దు, చిన్నోడి ఫోన్లో ఉన్నది నేనే తీయించేశాను. వాడు ఎద్దు మాట ఎత్తితే ఊరుకోబెట్టకుండా చెప్పుకోనివ్వు. పిరికోడని మాత్రం ఎవరూ అనకూడదు, అల్లుడుగారితో సహా. పాలల్లో చిటికెడు పసుపేసి ఇవ్వు. నువ్వూ వేళకు తిను. పండక్కి వచ్చినప్పుడే చూశాను, మెడ ఎముకలు కనపడుతున్నాయి.

వచ్చే కనుమకు రమ్మని నేను అడగను. వేసవి సెలవుల్లో రెండు రోజులు వస్తే దూడ అప్పటికి కాస్త ఎదిగి ఉంటుంది, కొమ్ములు మాత్రం ఉండవు. దానికి పేరు పెట్టలేదు. బుజ్జిగాడు పెడతాడని ఆపాను.

వాడికి చెప్పులు కొన్నావా? కొనకపోతే వాడి రెండు పాదాలూ కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. ఫోన్లో చెప్పే నంబరు నాకు అర్థం కాదు. ఆ కాగితం మీదే, పిల్లోడు నిద్రపోతున్నాడో లేదో ఒక్క ముక్క రాయి.

మీ నాయన