సగంలో ఆపేసిన పుస్తకానికి సిగ్గెందుకు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సాహిత్య పేజీలో ఒక నవల మీద సమీక్ష వచ్చింది. ఏకబిగిన చదివిస్తుందని, చేతిలోకి తీసుకుంటే కింద పెట్టనివ్వదని, ప్రతి తెలుగింట్లో ఉండాల్సిన పుస్తకమని రాశారు. ఆ నవల నేను నెల కిందటే 350 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. 112వ పేజీ దగ్గర ఆపేశాను, మళ్ళీ తీయను. పుస్తకం పేరు గానీ రచయిత పేరు గానీ ఇక్కడ రాయను, ఎందుకంటే నా బాధ వాళ్ళతో కాదు. ఆ సమీక్ష చూసి, డబ్బులు పెట్టి కొని, వందో పేజీ దగ్గర నాలాగే ఆగిపోయి, "అందరికీ నచ్చింది, నాకే ఎక్కలేదు, లోపం నాలోనే ఉందేమో" అనుకుని పుస్తకాల జోలికే వెళ్ళడం మానేసే మనిషి ఒకరుంటారు, వాళ్ళ కోసం రాస్తున్నాను.

తెనాలి చుట్టుపక్కల శాఖా గ్రంథాలయాల్లో 31 ఏళ్ళు లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. అన్నేళ్ళలో నేను జనం చదివిన పుస్తకాల కంటే చదవలేక తెచ్చిచ్చిన పుస్తకాలనే ఎక్కువ చూశాను. తిరిగొచ్చిన పుస్తకం తెరిస్తే చాలు, ఎక్కడిదాకా వెళ్ళారో తెలిసిపోయేది. మడిచిన చెవి, బస్సు టికెట్టు, కరెంటు బిల్లు, తలపిన్ను, ఒకసారైతే ఎండిపోయిన కరివేపాకు రెబ్బ, ఇవన్నీ పుస్తకం మొదటి మూడో వంతులోనే దొరికేవి. మనిషి మాత్రం కౌంటర్ దగ్గర "బాగుందండీ, చదివేశాను" అనేవాడు. ఎందుకు అబద్ధం చెప్పాలి? నేనేమన్నా పరీక్ష పెడతానా?

ఒక పుస్తకం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఇంటర్ రెండో ఏడు చదివే అమ్మాయి, వారానికి రెండు పుస్తకాలు పట్టుకెళ్ళే పిల్ల. ఎవరో లెక్చరర్ చెప్పారని అవార్డు వచ్చిన ఒక పెద్ద నవల తీసుకెళ్ళింది, 500 పేజీల పైనే. రెండుసార్లు రెన్యూవల్ చేయించుకుంది, ఆ తర్వాత రావడమే మానేసింది. ఏడెనిమిది నెలలకి టైలర్ షాపు దగ్గర కనిపిస్తే "ఏమ్మా, లైబ్రరీ వైపే రావట్లేదు" అన్నాను. "ఆ పుస్తకం ఇంకా అవ్వలేదు మేడం, అయ్యాక తెద్దామని" అంది తల వంచుకుని. ఫైన్ ఏమీ వద్దు, రేపు తెచ్చిచ్చెయ్ అని చెప్పాను. తెచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ఆ పుస్తకం తిరగేశాను. మొదటి మడత 21వ పేజీలో ఉంది. తర్వాత 39. తర్వాత 52, 60, 65, 68. అక్కడితో సరి. మొదటి రోజు ఇరవై పేజీలు హుషారుగా చదివిన పిల్ల ఆఖరికి మూడు పేజీలకి వచ్చిందన్నమాట, అది కూడా కళ్ళు మూతలు పడుతుంటే బలవంతంగా చదివి ఉంటుంది. 68వ పేజీ తర్వాత ఆ పుస్తకమే కాదు, పుస్తకాలన్నీ ఆగిపోయాయి. ఎనిమిది నెలలు! వారానికి రెండు చొప్పున లెక్కేసుకోండి, ఎన్ని పుస్తకాలు ఆ పిల్ల చేతికి రాకుండా పోయాయో.

అందుకే చెబుతున్నాను, పుస్తకాన్ని మధ్యలో వదిలేస్తే వచ్చే నష్టం కంటే వదలకుండా పట్టుకు వేలాడితే వచ్చే నష్టం పెద్దది. వదిలేసినవాడు వారం తిరక్కుండా ఇంకో పుస్తకం కోసం వస్తాడు. పట్టుకున్నవాడు దాన్ని ముగించడు, ఇంకోటి మొదలుపెట్టడు.

మొదలుపెట్టింది మధ్యలో ఆపకూడదన్న మాట మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చాలా ఆలోచించాను. కొంత పారాయణ నుంచి వచ్చింది. మా నాయనమ్మ రామాయణం పారాయణ మొదలుపెడితే పట్టాభిషేకం దాకా వెళ్ళాల్సిందే, జ్వరం వచ్చినా సరే. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇళ్ళలో పెరిగాం మనం, పుస్తకం సరస్వతి, ఆవిడని సగంలో వదిలి లేచిపోతే తప్పు కదా అని మనసులో ఎక్కడో ఉంటుంది. ఆ భక్తి మంచిదే, నేను కాదనను, ఇప్పటికీ నేనూ కళ్ళకద్దుకుంటాను. కానీ అదే పెద్దవాళ్ళు వానలు పడకపోతే భారతంలో విరాటపర్వం ఒక్కటే చదివించేవారు. కష్టమొస్తే భాగవతంలో గజేంద్రమోక్షం ఒక్కటే చదువుకునేవారు. పన్నెండు స్కంధాలూ చదివితే గానీ గజేంద్రమోక్షం చదివినట్టు కాదని ఎవరూ అనలేదే. పోతన గారి భాగవతానికే ఆ వెసులుబాటు ఉన్నప్పుడు నిరుడు అచ్చయిన నవలకి ఎందుకుండదు?

ఇంకొంత కరువు నుంచి వచ్చింది. మా నాన్న "తెరిచావా, ముగించు" అనేవాడు. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో పుస్తకం దొరకడమే గొప్ప. కొల్లూరు, పెదపాలెం వైపు 1935లో పాతూరి నాగభూషణం గారు పడవ మీద పుస్తకాలేసుకుని కాలవ వెంట ఊరూరా పంచారు, మా పెద్దవాళ్ళు అది కథలు కథలుగా చెప్పేవాళ్ళు. పడవ మీద వచ్చే పుస్తకాన్ని ఆఖరి అక్షరం దాకా చదవాలనిపించడంలో న్యాయముంది, అది తప్ప ఇంకోటి లేదు కాబట్టి. వీక్లీల్లో సీరియల్ పేజీలు చింపి దాచుకుని, అన్నీ పోగయ్యాక బైండింగ్ చేయించుకున్న తరం నాది, ఆ బైండు ఎవరికైనా ఇస్తే మళ్ళీ తిరిగొచ్చేదాకా మనసు మనసులో ఉండేది కాదు. ఇప్పుడా పరిస్థితి లేదు. పుస్తకాలకి కరువు లేదు, టైముకి కరువు. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఇంటికొచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, ఫోన్ పక్కన పడేసి పుస్తకం పట్టుకున్న మనిషికి రాత్రి అరగంట దొరికితే గొప్ప. ఆ అరగంటని రోజూ నచ్చని పుస్తకానికి ధారపోయమని ఏ నోటితో చెప్పను?

"350 పెట్టి కొన్నాం కదా" అంటారు. ఆ 350 పుస్తకం కొన్న రోజే పోయింది. మిగిలిన 300 పేజీలు చదివితే ఒక్క రూపాయి వెనక్కి రాదు, పైగా పది రాత్రులు పోతాయి. లైబ్రరీ పుస్తకానికైతే ఆ బాధ కూడా లేదు, మీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా ఎప్పుడో కట్టేశారు, పుస్తకం తెచ్చిచ్చేసి ఇంకోటి పట్టుకెళ్ళండి.

మా వృత్తిలో అందరం చదువుకునే మాట ఒకటుంది. లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకి అయిదు సూత్రాలు రాశారు. అందులో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. ఆయన చెప్పింది బీరువాల అమరిక గురించి, కేటలాగ్ గురించి, అడిగిన పుస్తకం త్వరగా చేతికివ్వడం గురించి. నేను దాన్ని ఇంకాస్త ముందుకి తీసుకెళ్ళి, చేతికిచ్చిన పుస్తకం నచ్చకపోతే వెంటనే మార్చుకెళ్ళమని మా ఊళ్ళో అందరికీ చెప్పేదాన్ని. అమెరికాలో సియాటిల్‌లో నాన్సీ పెర్ల్ అని ఒక లైబ్రేరియన్ ఉన్నారు, ఆవిడ దీనికి ఒక లెక్కే చెప్పారు. యాభై ఏళ్ళ లోపువాళ్ళు ఏ పుస్తకానికైనా 50 పేజీలు ఇవ్వాలి, నచ్చకపోతే ఆపెయ్యొచ్చు. యాభై దాటితే వందలోంచి మన వయసు తీసేస్తే ఎంత మిగిలితే అన్ని పేజీలు చాలు. నాకిప్పుడు 63, అంటే 37 పేజీలు. వయసు పెరిగే కొద్దీ మిగిలిన టైము తగ్గుతుంది కాబట్టి పేజీలూ తగ్గాలని ఆవిడ ఉద్దేశం. నాకా లెక్క చాలా నచ్చింది, కానీ మన నవలలకి కాస్త ఎక్కువ ఇవ్వాలనిపిస్తుంది, చాలామంది తెలుగు రచయితలు ఊరూ, వంశమూ చెప్పి గానీ కథలోకి రారు. అందుకే 112 దాకా వెళ్ళాను.

అయితే కష్టమైన పుస్తకం వేరు, బాగాలేని పుస్తకం వేరు. ఇది నా అనుభవమే. వేయిపడగలు నేను 24 ఏళ్ళప్పుడు మొదలుపెట్టి నూరు పేజీల లోపే వదిలేశాను. నాకు విసుగొచ్చింది, విసుగొచ్చిందని చెప్పడానికి భయపడ్డాను కూడా. 48 ఏళ్ళకి, మా అమ్మ పోయిన ఏడాది, మళ్ళీ తీశాను. ఆ వాక్యాలు అవే, మనిషిని నేను మారాను. ఆ పుస్తకంతో చాలా చోట్ల ఇప్పటికీ గొడవపడతాను కానీ ఆఖరి పేజీ దాకా వదలబుద్ధి కాలేదు. పి.వి. నరసింహారావు గారు ఆ నవలని సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించారు. అంత పెద్ద పుస్తకాన్ని ఒకాయన ఇంకో భాషలోకి మోసుకెళ్ళాడంటే ఆయన దాన్ని ఎంత ప్రేమించి ఉండాలి! నేను 24లో వదిలేశానని దాని విలువా తగ్గలేదు, నా విలువా తగ్గలేదు. అప్పుడు పళ్ళు బిగబట్టి ముగించి ఉంటే మాత్రం 48లో దాని మొహం చూసేదాన్ని కాదు, "చదివేశాను" అనేదాన్ని.

అన్నిటికంటే బాధ పెట్టేది అభిమాన రచయిత పుస్తకం నిరాశపరచడం. వచ్చే అధ్యాయంలో పుంజుకుంటాడు, వచ్చే అధ్యాయంలో పుంజుకుంటాడు అని మనం ఎదురుచూస్తూ ఉంటాం. అక్కడ మాత్రం నేను ఎవరికీ ఆపమని చెప్పను, ఆ ఆశ వాళ్ళిష్టం.

మా లైబ్రరీకి ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు వచ్చేవారు. సగంలో వదిలితే రచయితని అవమానించినట్టేనని ఆయన వాదన, ఒక మనిషి రెండేళ్ళు కూర్చుని రాసింది మనం రెండు వారాలు కూర్చుని చదవలేమా అనేవారు. నాకు ఆయనంటే చాలా గౌరవం, ఏళ్ళ తరబడి ఆయనతో వాదించాను. "మాస్టారూ, మీరు తిట్టుకుంటూ చదివితే రచయితకి ఏం మర్యాద దక్కింది?" అనేదాన్ని, ఆయన ఒప్పుకునేవారు కాదు. తర్వాత ఆయనకి చూపు దెబ్బతింది. రోజుకి గంటకి మించి చదవొద్దని డాక్టరు చెప్పాడు. ఆ వారం ఆయన వచ్చి, ఎప్పుడూ కుర్చీలో కూర్చుని నేనిచ్చింది పట్టుకెళ్ళే మనిషి, బీరువా దగ్గర నిలబడి ఒక్కో పుస్తకం తీసి మొదటి పేజీ చదివి, తిరిగి పెట్టి, ఇంకోటి తీసి, అలా నలభై నిమిషాలు ఎంచుకున్నారు. నా వైపు చూసి "గంటే ఉందమ్మా" అన్నారు, అంతే.

ఇక మీకు నా విన్నపం. పాఠకుడు పుస్తకాన్ని ఆపెయ్యొచ్చు, సమీక్షకుడు ఆపకూడదు, అది ఆయన పని. సమీక్షకి రెండు కాపీలు పంపమని మీరే అడుగుతారు, ఆ రెండిట్లో ఒకటైనా ఆఖరి పేజీ దాకా తెరుచుకున్నాకే సమీక్ష రాయించండి. ఎక్కడ నడక కుంటుపడిందో, ఎక్కడ సాగదీశారో చెప్పనివ్వండి. రచయితలు తెలిసినవాళ్ళు, మొహమాటం ఉంటుంది, నాకు తెలియనిది కాదు. అంత మొహమాటమైతే "స్వీకారం" జాబితాలో పుస్తకం పేరు వేసి ఊరుకోండి, ఎవరూ నొచ్చుకోరు. కింద పెట్టనివ్వదని మాత్రం రాయించకండి. చదివేవాడు కింద పెట్టిన క్షణం ఆ మాట వాడికి గుచ్చుకుంటుంది. ఇంకొక్కటి, సమీక్ష పక్కన ఆ పుస్తకం మొదటి పేజీలోంచి పది పన్నెండు లైన్లు, రచయిత అనుమతితోనే, అచ్చు వేయండి. మా మాస్టారు బీరువా దగ్గర చేసిన పని మీ పాఠకులు ఇంట్లో కూర్చుని చేసుకుంటారు.

ఆ 350 రూపాయల నవలని సోమవారం మా ఊరి లైబ్రరీకి ఇచ్చేశాను. గురువారానికే ఎవరో తీసుకెళ్ళారని ఇప్పుడు అక్కడ చేసే అమ్మాయి చెప్పింది. వాళ్ళకది నచ్చాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. 112వ పేజీలో నేను పెట్టుకున్న చీటీ మాత్రం ఇచ్చే ముందే తీసేశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైబ్రేరియన్,
తెనాలి